పద్నాలుగు ఊళ్ల బండి

హైదరాబాదు నుండి బొంబాయి వెళ్లే రహదారిలో సదాశివపేట దాటిన తరువాత నేల రంగు మారుతుంది. అంతవరకు నల్లగా ఉన్న మట్టి మెల్లమెల్లగా ఎర్రబడి, జహీరాబాదు చేరేసరికి ఇటుక పొడిలాగా కనబడుతుంది. పాత ఇండ్లకు వాడిన రాయి కూడా ఎరుపే. వానాకాలంలో ఈ మట్టి బట్టకు అంటుకుంటే ఏ సబ్బుకూ లొంగదు. మా నాన్నగారి ప్యాంట్లన్నింటికీ మోకాళ్ల వరకు ఎర్రని మరకలు ఉండేవి. ఆదివారం వేదిక మీద నిలబడే రోజున కూడా ఆ మరకలు అలాగే కనబడేవి. ఎవరూ తప్పు పట్టలేదు. ఆ మరకలు ఏ ఊరి దారిలో అంటుకున్నవో వారికి తెలుసు.

ఆ మరకలకు కారణమైన మోటారు సైకిలు 1971 మోడలు జావా. మందిరం వెనుక మేముంటున్న ఇంటి వసారాలో, నీలిరంగు టార్పాలిన్ కింద ఉండేది. గత సంవత్సరం చివరలో దానిని అమ్మవలసిన అవసరం వచ్చింది. ప్రియ పాఠకులారా, ఒక పాత బండి అమ్మకం గురించి కుటుంబ పత్రికలో వ్రాయడమేమిటని మీరు అనుకోవచ్చు. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను.

మా పెద్దమ్మాయికి నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. సంతోషించాము. రెండవ విడత ఫీజు కట్టవలసిన గడువు దగ్గరపడింది. అదే వారంలో హైదరాబాదు నుండి ఒక యువకుడు ఫోను చేశాడు. కంప్యూటరు ఉద్యోగి. వాళ్ల తాతగారు జావా నడిపేవారట. మా ఊరిలో ఒక పాత జావా ఉన్నదని ఎవరో చెప్పగా విని, మరునాడే వచ్చాడు. టార్పాలిన్ తీసి చూపించాను. అతడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. టాంకు పక్కనున్న క్రోమియం రేకును చేతితో తడిమి, "అంకుల్, ఒక లక్షా ముప్పై వేలు ఇస్తాను. మీరు ఎప్పుడంటే అప్పుడు" అన్నాడు. మా అమ్మాయి ఫీజుకు అది సరిపోవడమే కాక ఇంకా కొంత మిగులుతుంది.

వెంటనే సరే అనవలసినది. అనలేకపోయాను.

ఈ బండి కథ కొంత చెప్పాలి. 1929లో ప్రాగ్ నగరంలో జానెచెక్ అనే ఇంజనీరు, జర్మనీలోని వాండరర్ సంస్థ నుండి మోటారు సైకిలు తయారుచేసే హక్కులు కొన్నాడు. ఆ రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే జావా అయింది. మన దేశంలో 1961 నుండి మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో ఈ బండ్లు తయారైనవి. తరువాతి కాలంలో వాటికే యెజ్డీ అని పేరు. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. మా ప్రాంతంలో బుల్లెట్టు అంటే పోలీసుల బండి, పటేళ్ల బండి. జావా మాత్రం బడిపంతుళ్లు, కాంపౌండర్లు, మా నాన్నగారి వంటివారు ఎక్కే బండి.

2018 నవంబరులో జావా పేరు మళ్లీ బజారులోకి వచ్చింది. మహీంద్రా వారి అనుబంధ సంస్థ దానిని తెచ్చింది. అదే మహీంద్రా వారు 2013 నుండి మా జహీరాబాదులో ట్రాక్టర్లు తయారుచేస్తున్నారు. కొత్త జావాలు మాత్రం ఇక్కడ కాదు, మధ్యప్రదేశ్‌లోని పీతంపూరులో తయారైనవి. నాన్నగారు ఆ సంవత్సరమే సెప్టెంబరులో ప్రభువునందు నిద్రించారు. రెండు నెలలు ఆగి ఉంటే కొత్త జావా ఫోటో పేపరులో చూసి ఏదో ఒక వంక పెట్టి ఉండేవారు.

1984 వరకు నాన్నగారు సైకిలు మీదనే సేవ చేశారు. ఆయన చూసుకోవలసిన ఊళ్లు పద్నాలుగు. కొన్ని కోహీరు వైపు, కొన్ని ఝరాసంగం వైపు, మరికొన్ని కర్ణాటక సరిహద్దున న్యాల్‌కల్ వైపు. ఒక ఊరికి వెళితే మరో ఊరికి ఆ వారం వెళ్లడానికి వీలయ్యేది కాదు. ఆ సంవత్సరం పంటలు వచ్చిన తరువాత ఊళ్లన్నీ కలిసి కానుక పోగుచేశాయి. రొక్కం ఇచ్చినవారు తక్కువ. జొన్నలు, కందులు, అల్లం, కోళ్లు. ఒకరు మేకపిల్లను ఇచ్చారు. అన్నీ అమ్మి, బీదరులో ఒక ఎక్సైజు ఉద్యోగి దగ్గర ఈ బండిని 4,200 రూపాయలకు కొన్నారు. ఎవరు ఏమి ఇచ్చిందీ నాన్నగారు ఒక పొడుగాటి పుస్తకంలో వ్రాసుకున్నారు. ఎర్ర అట్ట, లోపల నీలి సిరా. ఒక ఊరికి ఒక పేజీ.

నాకప్పుడు ఐదేళ్లు. టాంకు మీద నన్ను కూర్చోబెట్టుకొని తిప్పేవారు. నవంబరు నెలలో వికారాబాదు దగ్గర ధారూరులో జరిగే క్రైస్తవ జాతరకు కూడా అలాగే తీసుకుపోయారు. టాంకు వేడిగా ఉండేది. రెండు సైలెన్సర్ల నుండి వచ్చే చప్పుడు కడుపులో తెలిసేది. ఈ బండికి ఒక వింత ఉన్నది. కిక్కు కొట్టే కడ్డీ, గేరు వేసే కడ్డీ ఒకటే, అదీ ఎడమ పక్కన. కిక్కు కొట్టిన తరువాత దానినే లోపలికి నొక్కి ముందుకు తిప్పితే గేరు కడ్డీ అవుతుంది. తాళంచెవి మేకులాగా ఉంటుంది. దానిని హెడ్‌లైటు మీదనున్న రంధ్రంలో నొక్కాలి. ఆ చెవి పోయినప్పుడు నాన్నగారు నిజంగానే ఒక మేకుతో ఆరు నెలలు నడిపారు. అయ్యగారి బండిని ఎవరు ఎత్తుకుపోతారు?

ఆ బండిని నేను సేవకు వచ్చిన తరువాత కొన్నేళ్లు వాడాను. తరువాత భార్య స్కూటీ వచ్చింది, సెల్‌ఫోను వచ్చింది. జబ్బు చేసినవారి కోసం ఫోనులో ప్రార్థన చేయడం అలవాటైంది. నిజం ఒప్పుకోవాలి. టార్పాలిన్ మీద దుమ్ము ఎంత మందంగా ఉన్నదో, ఊళ్లకు నా రాకపోకలు అంత పలుచబడినవి.

ఇక కాగితాల సంగతి. నాన్నగారు పోయిన తరువాత సంఘ పెద్ద ఒకరు పట్టుబట్టి, గడువు దాటకుండా ఫారం 31 వేయించి బండిని నా పేరుకు మార్పించారు. అక్క సంతకం చేసింది. ఆ పెద్దకు నేను ఋణపడి ఉన్నాను. తండ్రి చనిపోయిన తరువాత బండి పేరు మార్చుకోకుండా ఏళ్లు గడిపేవారు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. ప్రమాదం జరిగినప్పుడు గాని ఆ తప్పు బయటపడదు. 2021లో ఐదేళ్లకు రెన్యువలు చేయించాను. ఆ గడువు ముగియబోతున్నది. 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిళ్లకు రెన్యువలు రుసుము 2,000 రూపాయలు చేసింది. ఇన్సూరెన్సు, పొగ పరీక్ష వేరు.

పెట్రోలు కూడా మారింది. 2025 నాటికి ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు దేశమంతటా వచ్చింది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రోజూ నడిచే కొత్త బండికి అది పెద్ద చిక్కు కాదు. నెలల తరబడి కదలని పాత బండికి టాంకు లోపల తుప్పు పడుతుంది, పాత రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. ఇథనాలు చెరకు నుండి కూడా తీస్తారు. మా జహీరాబాదు చుట్టూ ఎటు చూసినా చెరకే. మా విశ్వాసుల పంటే వాళ్ల అయ్యగారి కార్బురేటరును తినివేస్తున్నదని మెకానిక్కుతో అంటే అతడు నవ్వాడు.

కొనవచ్చిన అబ్బాయి మరొక సంగతి చెప్పాడు. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారని వాహనాన్ని పురాతన వాహనంగా నమోదు చేయించవచ్చును. మొదటిసారి 20,000 రూపాయలు, పదేళ్లకు. నెంబరులో వి.ఎ. అనే అక్షరాలు ఉంటాయి. అయితే ఆ బండిని రోజువారీ పనికి రోడ్డు మీద నడపరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయాలి. జూలై రెండవ ఆదివారం జావా బండ్లవారంతా ఒకచోట చేరే పండుగ ఉన్నదట. అతడు దానికి తీసుకుపోతానన్నాడు. ఆదివారం అన్న మాట విని నేను కొంచెం ముఖం చిట్లించాను. అతడు గమనించలేదు.

పని చేయడానికే పుట్టిన బండి పని చేయకూడదన్న షరతు మీద బ్రతకడం నాకు కష్టంగా తోచింది. మోషే అరణ్యంలో ఎత్తిన ఇత్తడి సర్పాన్ని తరువాతి తరాలవారు దాచిపెట్టి ధూపం వేయడం, హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయడం మీరు చదివే ఉంటారు. నా బండికి ఎవరూ ధూపం వేయలేదు. టార్పాలిన్ మాత్రం కప్పాను.

"అమ్మండి అని నేననను, వద్దని కూడా అనను. రేపు దాని మాట నా మీద పెడతారు" అన్నది నా భార్య. ఆమె మాటలో అన్యాయం లేదు.

ఆ రాత్రి ఎర్ర అట్ట పుస్తకం తీశాను. పద్నాలుగు పేజీలు. బండి కాగితాలలో నా పేరు ఉన్నది గాని, ఈ పుస్తకంలో నూటికి పైగా పేర్లు ఉన్నాయి. వాళ్లను అడగకుండా అమ్మడం సరి కాదనిపించింది. పేజీలు తిప్పుతూ గుర్తులు పెట్టాను. చాలామంది కాలం చేశారు. వారి పిల్లలు పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు, హైదరాబాదుకు, బీదరుకు పోయారు. కొన్ని ఊళ్లవారిని ఫోనులో అడిగాను. అందరూ "మీ ఇష్టం అయ్యగారూ" అన్నారు. ఫోనులో ఇంకేమంటారు? ఝరాసంగం అవతలి ఊరిలో ఒక అవ్వకు మాత్రం ఫోను లేదు. ఆమె పేరు పక్కన 'పెట్టకోడి ఒకటి' అని ఉన్నది.

జనవరిలో ఒక గురువారం బండి బయటికి తీశాను. టాంకు కడిగి, లీటరుకు నలభై మిల్లీలీటర్ల లెక్కన నూనె కలిపి పెట్రోలు పోశాను. నాలుగవ కిక్కుకు లేచింది. వీధి అంతా నీలిపొగ. పక్కింటి పిల్లలు ముక్కులు మూసుకొని పరుగెత్తుకొచ్చారు.

పస్తాపూరు మీదుగా వెళ్లాను. అది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఊరు. బీడుపడిన ఎర్రనేలల్లో దళిత స్త్రీలు సంఘాలు పెట్టుకొని కొర్రలు, సామలు, జొన్నలు, కందులు ఒకే చేనులో కలిపి పండించి, విత్తనాన్ని ఇంటిలోనే దాచుకొని, ప్రపంచం వచ్చి చూసేలా చేశారు. 2019లో వారికి ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటరు బహుమతి వచ్చింది. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాల కుండలు పెట్టుకొని ఊరూరా తిరిగే పాత పంటల జాతర ఈ ప్రాంతపు ప్రత్యేకత. ఇంకొంత దూరం పోతే మాచనూరు. 2008 అక్టోబరులో ఆ స్త్రీలే సంఘం రేడియో మొదలుపెట్టిన ఊరు. ఒకప్పుడు మా నాన్నగారు వార్త మోసుకొచ్చే దారి అది. ఎవరికి జబ్బు, ఎవరి పెళ్లి, పట్నంలో ఎవరి కొడుక్కి పని దొరికింది, అన్నీ జావా మీదనే ప్రయాణం చేసేవి. రేడియో టవరు చూసినప్పుడు, ఆయన ఉంటే మైకు ముందు కూర్చోకుండా కదిలేవారు కాదనిపించింది.

ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వర స్వామి గుడికి వచ్చే యాత్రికుల రద్దీ. టీ కొట్టువాడు చప్పుడు విని బయటికి వచ్చి, "ఇది పెద్దయ్యగారి బండి గదా!" అన్నాడు. అతడు మన సంఘస్థుడు కాడు. టీ డబ్బులు తీసుకోలేదు. వద్దన్నా ఇంకొక గ్లాసు పోశాడు.

ఆ అవ్వ ఇల్లు ఊరి చివర. నేను మలుపు తిరిగేసరికే వాకిట్లో నిలబడి ఉన్నది. పొయ్యి మీద చాయ నీళ్లు కాగుతున్నాయి.

"చప్పుడు ఇన్న. ఇన్నేండ్లకు మళ్ల ఇన్న" అన్నది. "పెద్దయ్యగారు ఉన్నప్పుడు గూడ గంతే. చెరువు కట్ట మీద చప్పుడు వినంగనే పొయ్యి రాజేస్తుంటి. ఆయన దిగి కాళ్లు కడుక్కునేవరకు చాయ తయార్."

కూర్చొని సంగతి చెప్పాను. అమ్మాయి చదువు, ఫీజు, హైదరాబాదు అబ్బాయి. పుస్తకం తెరిచి ఆమె పేరు చూపించాను. ఆమెకు చదువు రాదు, అయినా ఆ అక్షరాల మీద వేలు పెట్టి కొంచెంసేపు ఉంచింది.

"ఆ కోడి మస్తు గుడ్లు పెట్టేది బిడ్డా" అన్నది.

"అవ్వా, మీరంతా కలిసి కొనిచ్చిన బండి ఇది. అమ్మమంటవా, వద్దంటవా?"

"మాదేడిది? మేమిచ్చింది బండికి గాదు. పెద్దయ్యగారు రావాలని ఇచ్చినం. ఆయన వచ్చిండు. వానల వచ్చిండు, ఎండల వచ్చిండు, మా ముసలాయన సచ్చిన నాడు నడిజాము రాత్రి వచ్చిండు. మా కోడి పైసలు మాకు ఎన్నడో ముట్టినయ్. అమ్ముకో." గ్లాసు నా చేతికి ఇచ్చి, "నువ్వు మళ్ల ఎన్నడొస్తవ్?" అని అడిగింది.

ఎనిమిది నెలలయింది నేను ఆ ఊరికి పోయి. అది ఆమె చెప్పలేదు.

నిజం చెప్పాలంటే ఆమె వద్దంటుందని ఆశపడి వెళ్లాను. ఊళ్లవారు ఒప్పుకోలేదని చెప్పి, బండిని టార్పాలిన్ కింద పెట్టుకొని, ఫీజుకు ఇంకెక్కడైనా అప్పు చేసుకోవచ్చనుకున్నాను. ప్రార్థన చేసి బయలుదేరాను. ఆమె నాకంటే పెద్ద ప్రార్థన చేసింది. దానిలో నా కూతురు పేరు కూడా వచ్చింది. ఆ పేరు ఆమెకు గుర్తున్నదని నాకు తెలియదు.

అక్కడినుండి న్యాల్‌కల్ వైపు తిరిగితే మళ్లీ నల్లరేగడి వస్తుంది. ఎర్రనేలలో పుట్టినవాడికి అది వేరే దేశంలాగా ఉంటుంది. కనుచూపు మేర తెల్లజొన్న, శనగ. భాష కూడా మారుతుంది. ఒకే మనిషి తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో నడిపి ఉర్దూలో ముగిస్తాడు. రోడ్డు ఖాళీగా ఉన్నది. మూడవ గేరులో బండి ఏ తొందరా లేకుండా పోతున్నది. జనవరి ఎండ వీపుకు హాయిగా తగిలింది. ఆ అరగంట నేను ఏమీ ఆలోచించలేదు. నలభై ఏడేళ్ల మనిషికి, అందులో పాస్టరుకు, ఆలోచన లేని అరగంట దొరకడం సామాన్యం కాదు.

బీదరులో మహమూద్ గవాన్ కట్టించిన మదరసా వెనుక సందులో మా ఉస్తాద్ షెడ్డు. 1472 నాటి ఆ గోడల మీద నీలి, పసుపు పలకలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఉస్తాద్‌ది మూడు తరాల పని. తాత టాంగాలు బాగుచేసేవాడు, తండ్రి లారీలు, ఇతడు జావాలు. సైలెన్సర్ల లోపలి గొట్టాలు తీసి, కిరోసిను మంటలో పెట్టి మసి కాల్చాడు. క్రాంకు దగ్గర చెవి పెట్టి విన్నాడు. "బేరింగ్ పోతున్నది పాస్టర్ సాబ్. మార్చితే ఇంకా పదేళ్లు నడుస్తది. ఎవరు నడిపినా నడుస్తది" అన్నాడు. చివరి మాట కావాలనే అన్నాడో ఏమో.

మా అక్క ఇల్లు ఆ దగ్గరలోనే. భోజనం పెట్టింది. జొన్నరొట్టె, పుండికూర, పల్లీల పొడి. నేను అమ్మకం గురించి నెమ్మదిగా మొదలుపెట్టాను. అక్క బాధపడుతుందని నా భయం.

"అమ్మెయ్ తమ్మీ. ఇన్నాళ్లు ఎందుకు పెట్టుకున్నవో నాకు తెల్వదు" అన్నది.

నేను ఆశ్చర్యంగా చూశాను.

"టాంకీ మీద కూసున్నది నువ్వు. అమ్మ, నేను ఇంట్ల ఉన్నం. చప్పుడు దూరం పోతుంటే వినేటోళ్లం. మళ్ల రాత్రి పదకొండు, పన్నెండు దాక ఆ చప్పుడు కోసమే చూసేటోళ్లం. ఒకసారి ఏరు దాటంగ బండి కొట్టుకపోయిందని ఎవడో అబద్ధం చెప్పిండు. తెల్లారేదాక అమ్మ అన్నం ముట్టలే. నీకు నిద్ర."

ఆ సంగతి నాకు ఎప్పుడూ తెలియదు.

"ఇంకొకటి. అమ్మ కమ్మలు ఏమైనయో నీకు ఎరుకేనా?"

తెలియదన్నాను.

"ఊళ్లోళ్లు ఇచ్చిన పైసలు చాలలే. అమ్మ కమ్మలు అమ్మి కలిపిండ్రు. ఆమె పెళ్లి కమ్మలు. నాకు ఎనిమిదేండ్లు, నాకు యాదికున్నది. బజారుకు నన్ను తోలుకపోయింది. తర్వాత ఎన్నడూ చెవులకు ఏం పెట్టుకోలే. వేపపుల్లలు పెట్టుకునేది. ఎవరన్న అడిగితే చెవులు పుండైనయ్ అనేది."

అమ్మ 2010లో పోయింది. చివరివరకు నేను చూసిన అమ్మ ఒట్టి చెవుల అమ్మే. చెవులకు బంగారం పెట్టుకోకపోవడం ఆమె భక్తి అని నేను ఒక స్త్రీల కూడికలో దృష్టాంతంగా కూడా చెప్పాను.

బీదరు నుండి జహీరాబాదుకు ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. చీకటి పడింది. జావా కరెంటు ఆరు వోల్టులు. హెడ్‌లైటు వెలుగు ఆముదపు దీపంలాగా ముందర పది గజాలు పడుతుంది. ఎదురుగా వచ్చే చెరకు లారీల వెలుగుకు అది కూడా మాయమవుతుంది. లారీ వచ్చినప్పుడల్లా పక్కకు ఆపి నిలబడ్డాను. ఈ వెలుగుతోనే, రోడ్లు లేని రోజుల్లో, నడిరాత్రి వచ్చేవారు నాన్నగారు. ఆయన ధైర్యం గురించి నేను చాలాసార్లు చెప్పాను. ఆ రాత్రి మాత్రం వాకిట్లో నిలబడిన ఇద్దరి గురించే ఆలోచన వచ్చింది.

ఇంటికి చేరి, అన్నం తినకుండా పుస్తకం ముందు వేసుకొని కూడాను. ఇన్నేళ్లలో ఎన్నడూ కూడి చూడలేదు. పద్నాలుగు పేజీలు కలిపితే 3,350 రూపాయలు. బండి వెల 4,200. మిగిలిన 850 ఎక్కడినుండి వచ్చిందో ఏ పేజీలోనూ లేదు. కోడి ఉన్నది, మానెడు కందులు ఉన్నవి, ఒక పిల్లవాడు ఇచ్చిన నాలుగణాలు కూడా ఉన్నవి. చివరి పేజీ ఖాళీగా ఉన్నది. దాని మీద అమ్మ పేరు వ్రాసి, పక్కన 'కమ్మలు ఒక జత' అని వ్రాశాను. నా కలం సిరా నలుపు. నాన్నగారి నీలి సిరా పక్కన అది వేరుగానే కనబడుతుంది. కనబడనీ అనుకున్నాను.

నా భార్య వచ్చి వెనుక నిలబడి చదివింది. ఏమీ అనలేదు. వంటింట్లోకి పోయి అన్నం వడ్డించింది. నా పక్కన తానూ కూర్చొని తిన్నది. తొమ్మిదిన్నర అయింది అప్పటికి. ఆమె కూడా తినకుండా ఉన్నదని నాకు అప్పుడు గాని తెలియలేదు.

శనివారం ఆ అబ్బాయి వచ్చాడు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేశాను. క్రాంకు బేరింగు సంగతి ముందే చెప్పాను. అతడు బేరం తగ్గించలేదు. ఊరివారు అతని ముందు ఒక్కొక్కరు ఒక్కొక్క కథ చెప్పారు. అతడు అన్నీ శ్రద్ధగా విన్నాడు. బండి మంచి చేతిలో పడిందనే నా నమ్మకం. నాన్నగారు వాడిన మేకు ఇంకా పనిముట్ల పెట్టెలో ఉన్నది. అది నేను ఉంచుకుంటానని అడిగితే ఇచ్చాడు.

కిక్కు కొట్టే పద్ధతి చూపించబోయాను. "ఒకసారి నేను ట్రై చేస్తా అంకుల్" అని కాలు పెట్టాడు. మొదటి దెబ్బకే లేచింది. నాకు ఎన్నడూ అలా లేవలేదు. సంఘ పెద్ద నా ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు.

సోమవారం ఫీజు కట్టాము. మిగిలిన డబ్బులో ఒక చిన్న జత కమ్మలు కొన్నాము, మా అమ్మాయికి. ఇది దుబారా అని ఒకరిద్దరు అన్నారు. కావచ్చు.

ఆ తరువాతి గురువారం ఝరాసంగం బస్సు ఎక్కాను. అక్కడ దిగి, షేరు ఆటోలో కొంత దూరం, మిగిలింది నడక. చెరువు కట్ట మీద నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వాకిట్లో ఎవరూ లేరు. తలుపు తట్టాను. అవ్వ చేతిలో చీపురుతో బయటికి వచ్చి, నన్ను చూసి నిలబడిపోయింది.

"చప్పుడు ఇనలే బిడ్డా" అన్నది. "చాయ పెట్టలే. కూసో, ఇప్పుడు పెడత."

కూర్చున్నాను.